రెండోసారి ఏడుపు

హరీష్ పాత పేపర్లు ఉండలు చుట్టి నీలం సంచిలో కూరుతున్నాడు. ఖాళీ సంచి కెమెరాలో ఖాళీగానే కనిపిస్తుంది. పుంగనూరులో పదహారేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నవాడికి ఆ మాత్రం తెలుసు. ఊళ్లో సగం జంటల తలంబ్రాలు అతను చెప్పినప్పుడు పడ్డవే. సొంత పెళ్లి మాత్రం నాలుగేళ్లకే పెటాకులైంది. ఇప్పుడు దాన్నే సినిమాగా తీస్తున్నాడు, రెండేళ్లుగా, ముహూర్తాలు లేని రోజుల్లో.

ఈ రోజు చివరి సీను. భార్య ఇల్లు విడిచిపోవాలి. భార్యగా వేస్తున్న అర్చన హార్స్లీ హిల్స్ రిసార్టులో రిసెప్షనిస్టు. సెలవు పెట్టి మదనపల్లె మీదుగా వచ్చింది. అసలు భార్య వసుధ మూలన కుర్చీలో కూర్చుని ఉంది. కుప్పంలో కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. "సూసి వద్దంటే ఆపేస్తా" అని హరీషే ఫోన్ చేసి పిలిపించాడు. ఆనాడు ఆమె పట్టుకుపోయిన సంచి కూడా అడిగాడు. అడిగినందుకు సిగ్గేసింది, ఆమె తెచ్చినందుకు ఆశ పుట్టింది.

అర్చన సంచితో గడప దాకా నడిచి, తలుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇంకోసారి," అన్నాడు హరీష్ అలవాటుగా.

"ఆ పొద్దు నేను ఏడవల్యా," అంది వసుధ. "ఏడ్సేదంతా పెండ్లిలోనే అయిపోయింది. అప్పగింతలప్పుడు మబ్బు పట్టిందని, అది పోయినంక మా అమ్మతో మళ్లా నా చేతులు పాలల్లో ముంచిపించి, మళ్లా ఏడవమన్యావు. గ్యాపకం ఉండాదా?"

లేదు. తర్వాత మెల్లగా గుర్తొచ్చింది. సోమల ఊళ్లో పెళ్లి మంటపం. పీటల మీంచి లేచి కెమెరా వెనక నిలబడ్డ పెళ్లికొడుకు. ఆ ముక్క బాగా వచ్చిందని పదిమందికి చూపించుకున్నాడు కూడా. హరీష్‌కు తల కొట్టేసినట్టయింది.

"మా అమ్మ నా మొగం సూస్తాండాది, నువ్వు వెలుతురు సూసుకుంటాండావు. ఈ మనిసితో యాడికి పోతాండానా అనుకున్యా."

"మరి ఇల్లిడిసి పోయిన పొద్దు ఏం జేసినావు?" అన్నాడు హరీష్.

"పాలు పొంగుతాంటే స్టవ్వు ఆపి, పోతిని."

అర్చన అలాగే చేసింది. స్టవ్వు ఆపి, వెనక్కి చూడకుండా నడిచి, సంచి గడప పక్కన దించింది. నోటిదాకా వచ్చిన "ఇంకోసారి"ని హరీష్ మింగేశాడు.

"సినిమా తీసుకో," అంది వసుధ లేస్తూ. "ఆ రెండోసారి ఏడుపు గూడా పెట్టు. అది ల్యాకుంటే వద్దు."

రెండేళ్లుగా సీను సీనుకూ తన మీదే జాలి కలిగేలా రాసుకున్నాడు. అదంతా మళ్లీ మొదటికొచ్చింది.

"పెడతా," అన్నాడు.

కుప్పం బస్సుకు వేళయిందని ఆమె చెప్పులు తొడుక్కుంది. గడప మీద ఎండ పడి ముఖం సగం వెలిగింది. ఇంతకన్నా మంచి ఫ్రేము దొరకదు. ఆగమని అడగాలనిపించింది, సినిమా కోసం కాదు. అడగలేదు. కెమెరా ముట్టుకోకుండా, సందు మలుపు తిరిగేదాకా ఆమెనే చూశాడు.

"తీయల్యా సార్?" అంది అర్చన.

"లేదమ్మా."

వసుధ తెచ్చిన నీలం సంచి, పాత పేపర్లతో ఉబ్బి, గడప పక్కనే ఉండిపోయింది.