గిడ్డంగి మలుపులో గువ్వ బెల్లు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. సైకిలు ఆ గోడకి ఆనించి రా, అదెక్కడికీ పోదులే. కొత్త బెల్లని పొద్దుటినుంచీ వీధంతా చెవులు చిల్లులు పడేలా మోగించావు, ఇక కాసేపు నా మాట విను. బెల్లు సంగతే చెబుతాను.

నా చిన్నప్పుడు మా సందు చివర ఒక గిడ్డంగి ఉండేది. దాని గోడ ఎంత ఎత్తంటే, పెద్దరోడ్డు మీదికి తిరిగేదాకా అటునుంచి ఏం వస్తోందో కనపడదు. మా పిన్ని పెద్దకూతురు గువ్వ ఆ మలుపులోనే పోయింది. సైకిలు ఆపకుండా తిరిగింది. లారీవాడికి అది కనపడలేదు, దానికి లారీ కనపడలేదు. అంతే.

కొన్నాళ్ళకి ఆ మలుపులో బెల్లు వినపడసాగింది. మనిషి లేదు, సైకిలు లేదు, ఊరికే ట్రింగ్ మని బెల్లు. గువ్వ బెల్లు తుప్పుపట్టి కాస్త గరగరలాడేది. అచ్చం అదే గరగర! అది మోగిన మరుక్షణం గోడ అవతల ఏ లారీయో దూసుకుపోయేది.

పిల్లలు మొదట హడలిపోయారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ పడటం పడటం, మలుపులో ఆగడమే మానేశారు. బెల్లు మోగితే బ్రేకు, మోగకపోతే తొక్కుడే. "గువ్వక్క చూసుకుంటుందిలే" అనేవాళ్ళు. కొత్తగా నేర్చుకునే పిల్లలకి పెద్దవాళ్ళూ అదే నేర్పారు.

పిన్నికైతే ఆ బెల్లే ప్రాణం. బడి వదిలే వేళకి గోడవార పీట వేసుకుని కూర్చునేది. "ఇవాళ నా తల్లి గొంతు బాగుంది" అని మురిసిపోయేది. సైకిలు షాపు మామ ఒకనాడు ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, పిల్లలకి ఇక్కడ ఆగి చూడ్డం నేర్పుదాం."

"నీకెందుకయ్యా, పోయి పంక్చర్లు వేసుకో. వాళ్ళంతా ఆగితే నా బిడ్డ ఎవరికోసం మోగిస్తుంది?"

పాపం, మామ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పిన్ని చిన్నకూతురు సైకిలెక్కేనాటికి బెల్లు నీరసించింది. ఒక్కోసారి లారీ వెళ్ళిపోయాక మోగేది, ఎవరో వగరుస్తూ పరుగెత్తుకొచ్చినట్టు.

ఒక సాయంత్రం చిన్నది మలుపు దాకా వచ్చింది. బెల్లు లేదు. పీట మీదున్న పిన్నీ ఆపలేదు. చిన్నది తిరిగింది. లారీ హారను, ఒక కేక. పిల్ల ఎగిరి పక్క కాలువలో పడి బతికింది, ముందుచక్రం మాత్రం అప్పడమైపోయింది. అప్పుడు మోగింది బెల్లు. ఆగకుండా, ఏడుస్తున్నట్టు.

పిన్ని చిన్నదాన్ని ఒళ్ళోకి లాక్కుని ఆ గోడకేసి చూసింది.

"అలిసిపోయావా నా తల్లీ? నిన్ను కాపలా పెట్టి నేను పీటేసుకు కూర్చున్నానా!"

మర్నాడు పీట లేదు. మలుపుకి ముందు అడ్డంగా సున్నం గీత గీసి, పిన్నే నిలబడింది.

"గీత దగ్గర ఆగు. కాలు కింద పెట్టు. రెండూ ఎందుకురా, ఒకటి చాలు! ఇప్పుడు అటు చూడు, ఇటు చూడు, మళ్ళీ అటు."

"బెల్లు మోగలేదుగా అత్తా?"

"బెల్లు లేకపోతే నీకు కళ్ళు కూడా లేవురా వెధవా?"

నవ్వుతూనే కసిరేది, మధ్యమధ్యలో మాత్రం గోడకేసి చెవొగ్గేది. పిల్లలు ఆగడం నేర్చినకొద్దీ బెల్లు తగ్గిపోతోంది మరి. అది ఆమెకీ తెలుసు. అయినా నేర్పింది.

చివరికి చిన్నది మిగిలింది. భయంతో సైకిలు ముట్టదే! పిన్ని సీటు పట్టుకుని గీతదాకా నడిపించింది. చిన్నది ఆగింది, కాలు పెట్టింది, చూసింది. లారీ ఒకటి వెళ్ళింది. బెల్లు మోగలేదు. మళ్ళీ చూసింది. రోడ్డు ఖాళీ.

"వెళ్ళమ్మా," అని పిన్ని సీటు వదిలేసింది.

చిన్నది మలుపు తిరిగాక గువ్వ బెల్లు ఒక్కసారి ట్రింగ్ మంది. గరగర లేదు. రోడ్డు మీద ఏ బండీ లేదు. ఆ తర్వాత మరెప్పుడూ మోగలేదు. పిన్ని మాత్రం సీటు పట్టుకున్న చెయ్యి అలాగే చాపుకుని, చీకటిపడేదాకా అక్కడే నిలబడింది.

అందుకే చెబుతున్నా తల్లీ, మలుపులో కాలు కింద పెట్టు, కళ్ళారా చూడు. రేపు నీ తమ్ముడు సైకిలెక్కుతాడు, ఈ కథ వాడికి నువ్వే చెప్పాలి. బెల్లు కొట్టమను, కానీ బెల్లు కోసం చెవొగ్గి వెళ్ళొద్దను. నిద్రపోతున్న గువ్వని మళ్ళీ లేపొద్దను.