కుడి పక్క మీట

నేను ఒక ఆటబల్లను. పిన్‌బాల్ మిషను అంటారు. వాలుగా ఉన్న బల్ల, పైన అద్దం, అద్దం కింద ఉక్కు గోళీ. అది జారి గోతిలో పడకుండా ఎగరగొట్టడానికి రెండు చిన్న రెక్కలు, వాటిని లేపడానికి చెరో పక్క ఒక మీట. ఇంతే నేను. ఈ మాత్రం దానికి మనుషులు నన్ను తిట్టిన తిట్లు ఇన్నీ అన్నీ కావు.

పుట్టింది అమెరికాలో. ఓడెక్కి విశాఖపట్నం వచ్చి, హార్బరు దగ్గర నావికుల క్లబ్బులో ముప్పై ఏళ్ళున్నాను. ఏ దేశపు నావికుడైనా గోళీ పడగానే నన్నే గుర్రుగా చూసేవాడు. తప్పు తనదని ఒక్కడూ ఒప్పుకోలేదు. క్లబ్బు మూతపడ్డాక గోదాములో ఏళ్ళ తరబడి దుమ్ముకొట్టుకుపోయాను. చివరికి పాత సామాన్లమ్మే ఖలీల్ సాయిబు నన్ను తెచ్చి, తీగలు మార్చి, కొట్టు ముందు నిలబెట్టాడు.

ఒక ఉదయం కూర్మారావు వచ్చాడు. హార్బరులో క్రేను నడిపి రిటైరైన మనిషి. పడుచుతనంలో డ్యూటీ దిగాక క్లబ్బుకొచ్చి నాతో ఆడేవాడు. రెండేళ్ళ కిందట పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది. వెంట భార్య నూకరత్నం.

"రత్నం, ఇదే నాను సెప్పిన మిషను," అన్నాడు, ఎడమ అరచెయ్యి నా అద్దానికి ఆనించి.

"ఉన్నవి రెండు గదులు. దీన్నెక్కడెడతావు, నా నెత్తిమీదా?"

ఖలీల్ స్విచ్చి వేశాడు. కూర్మారావు ఎడమ చేత్తోనే స్ప్రింగు లాగి గోళీ వదిలాడు. అది ఎడమ పక్కకు వచ్చినంతసేపూ పాత ఆటగాడే. కుడి పక్కకు రాగానే గోతిలో పడింది. రెండోదీ అంతే. కుడి చేతిని ఎత్తి మీట మీద పెట్టుకున్నాడు. వేళ్ళు కదల్లేదు. నన్ను తిడతాడని చూశాను. తిట్టలేదు. అదే నాకు కష్టమనిపించింది.

"ఒద్దులే, పద," అన్నాడు.

నూకరత్నం కదల్లేదు. "ఇది సెడిపోతే బాగుసేసినోడున్నాడా?" అని ఖలీల్‌ని అడిగింది.

"అబద్ధమెందుకమ్మా? నేనున్నన్నాళ్ళు చూస్తాను. నా తర్వాత ఎవరూ లేరు."

ఇన్నేళ్ళలో నా గురించి ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. జవాబు మాత్రం వినకపోయినా బాగుండేది.

ఆమె కాసేపు భర్త చేతికేసి చూసింది. కొంగు దోపుకుని నా కుడి పక్కకొచ్చి నిలబడింది. "ఏటి, ఇది నొక్కడమేనా? ఎయ్యి."

గోళీ పోయాక నొక్కింది.

"ముందు నొక్కాల!" అన్నాడు కూర్మారావు.

"ఆ ముక్క ముందు సెప్పాల!"

రెండోసారి ఆమె కొట్టిన గోళీ ఎగిరి పై గంటలన్నీ మోగించింది. కూర్మారావు ఒక్క కేక పెట్టాడు, క్రేను మీంచి కిందివాళ్ళకు వినబడేలా పెట్టే కేక. ఆ గొంతు విని రెండేళ్ళయిందని ఆమె తర్వాత పక్కింటావిడతో అంటుంటే విన్నాను.

"సెడిపోయినప్పుడు సూసుకుందాం. ఆటో పిలు సాయిబూ," అంది.

ఇప్పుడు వాళ్ళ ముందుగదిలో ఉన్నాను. నాకు చోటివ్వడానికి బీరువా వంటింట్లోకి పోయింది. రోజూ సాయంత్రం ఇద్దరూ చెరో పక్క నిలబడి ఆడతారు. కూర్మారావు కుడి చెయ్యి తిరిగి రాలేదు. ఇక రాదని డాక్టరు చెప్పాడట.

మధ్యాహ్నం ఆయన స్నేహితులతో టీకి వెళ్ళగానే నూకరత్నం తలుపు దగ్గరగా వేసి, రెండు మీటలూ తనే పట్టుకుంటుంది. ఆయనకంటే బాగా ఆడుతుంది. సాయంత్రం మాత్రం ఆయన పక్కన నిలబడి, అప్పుడప్పుడు కావాలనే గోళీని వదిలేస్తుంది. ఎలా కొట్టాలో ఆయన మళ్ళీ మొదటినుంచీ చెబుతుంటే, బుద్ధిగా తలూపుతూ వింటుంది.