ఆగి పిలవాల్సిన పేరు

పాప పుట్టి పద్దెనిమిది రోజులైంది. ఈ పద్దెనిమిది రోజుల్లో ఆ ఇంట్లో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడింది లేదు. నాన్నమ్మ అయితే మరీను. పొయ్యి మీద పాలు పెట్టి, ఒక్కసారి పాపను చూసొద్దామని గదిలోకి వెళ్ళేది. పాలు పొంగిపోయేవి. అవి తుడుస్తూ తుడుస్తూ గుడ్డ చేత్తో పట్టుకునే మళ్ళీ గదిలోకి వెళ్ళేది. కొడుకు మందుల షాపుకు వెళ్తూ, "అమ్మా, పాలు దించి వెళ్ళవే," అని రోజూ చెప్పేవాడు. "నాకు తెలీదట్రా!" అని కసురుకుంటూనే ఆవిడ మళ్ళీ గదిలో ఉండేది.

మున్సిపల్ ఆఫీసులో పుట్టినవాళ్ళ రిజిస్టరుకు పేరు రాసి ఇవ్వడానికి మర్నాడు మధ్యాహ్నం వరకే గడువు. ఆవిడ మనసులో పేరు ఎప్పుడో ఖాయమైపోయింది. రమ. రెండే అక్షరాలు. పిలవడానికి సుళువు, దేవుడి ముందు చెప్పుకోవడానికి శుభ్రం. పది రోజులుగా కోడలికి వినపడేట్టు "మా రమ ఆవులించింది, మా రమ తుమ్మింది," అంటూనే ఉంది.

ఆ రోజు పొద్దున కోడలు పాపను ఒళ్ళో వేసుకుని, "అత్తయ్యా, పేరు అనుకున్నాను," అంది.

"చెప్పమ్మాయ్. రమేగా?"

"లలితలావణ్యమంజరి."

గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న కొడుక్కి పొరబోయింది. దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకుని, "అది పేరా, పెళ్ళి శుభలేఖా?" అన్నాడు.

కోడలు నవ్వలేదు. అత్తగారు కోడలిని పైనుంచి కిందికి చూసింది. నిలువెత్తు మనిషి. మొగుడి పాత చొక్కా వేసుకుని ఉంది. ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద ఎనిమిదేళ్ళు పనిచేసిన చేతులు అవి. పద్దెనిమిది రోజులుగా వేణ్ణీళ్ళతో కడుగుతున్నా వేళ్ళ గీతల్లో నల్లటి నూనె ఇంకా పోలేదు. పెళ్ళికి పెట్టిన గాజులు బీరువాలో పెట్టేసింది, మిషన్‌లో చిక్కుకుంటాయని. పువ్వుల చీర ఇస్తే కింది వాటా పిన్నిగారికి ఇచ్చేసింది. అలాంటి మనిషి నోటి నుంచి ఈ లావణ్యాలూ మంజరులూ!

ఇంతలో మాట ఎలా పాకిందో, కింది వాటాలో బట్టలు కుట్టే పిన్నిగారు టేపు మెడలో వేసుకునే పైకొచ్చేసింది. ఎదురింటి లెక్కల మాస్టారు పేపరు చంకలో పెట్టుకుని ఆవిడ వెనకే వచ్చాడు.

"ఆ పేరు చొక్కా మీద కుట్టాలంటే వీపు చాలదే అమ్మాయ్!" అంది పిన్నిగారు.

"హాజరు పిలిచేటప్పుడు ఈ పిల్ల దగ్గరికొచ్చేసరికి గంట కొట్టేస్తారు," అన్నాడు మాస్టారు. "పైగా పేరు నిండా ఆడతనమే. రేపు ఏ ఇంజినీరో అయితే, ఆ పేరు చూసి ఎవరైనా పని చెప్తారా?"

"ఎందుకు చెప్పరండీ? కానీ మాస్టారూ..." పిన్నిగారు పేరును నెమ్మదిగా ఒకసారి అనుకుని చూసుకుంది. "నోట్లో వేసుకుంటే బావుంది సుమండీ."

"నువ్వు ఏ వైపు మాట్లాడుతున్నావమ్మా?"

"నేను పాప వైపండీ!"

అందరూ నవ్వుకుంటూ వెళ్ళాక, అత్తగారు మంచం మీద కోడలి పక్కన కూర్చుంది. "నిజం చెప్పు. ఈ పేరు మీద నీకింత మనసెందుకు?"

కోడలు పాప గుప్పిట విప్పుతూ చెప్పింది. "లేత్ షెడ్డులో నన్ను ఎవరూ చిన్నచూపు చూడలేదత్తయ్యా. పనిచ్చారు, నేర్పారు. పేరు మాత్రం తీసేసుకున్నారు. ఎనిమిదేళ్ళుగా బోల్టు. బోల్టూ ఇలా రా, బోల్టూ అది పట్టుకో. నాకు కోపం లేదు. కానీ దీన్ని పిలవాలంటే ఎవరైనా సరే, చేతిలో పని ఒక్క క్షణం ఆపాలి. అంత పేరు కావాలి నాకు. లేత్ దగ్గర నిలబడుతుందో, ఇంకెక్కడ నిలబడుతుందో దాని ఇష్టం. పేరు మాత్రం ముస్తాబుగా ఉండాలి."

అత్తగారు పాప కాళ్ళ మీది గుడ్డ సర్దింది.

"కానీ నేను వచ్చే నెల పనిలోకి వెళ్ళిపోతాను," అంది కోడలు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా దీన్ని పిలిచేది మీరు. మీకు మనసుకు రాని పేరు నాకొద్దు. రేపు ఆఫీసుకు మీరే వెళ్ళండి. మీ నోటితో ఏది చెప్తే అదే. రమ అన్నా సరే."

ఆ చివరి మాట అన్నప్పుడు కోడలు తల ఎత్తలేదు. అత్తగారు గబుక్కున మంచం దిగింది. ఎందుకంటే ఆవిడ అప్పటికే ఒక పని చేసి కూర్చుంది.

పోయిన వారం మిఠాయి పెట్టె పట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. మేస్త్రి మిఠాయి నోట్లో వేసుకుంటూ, "పేరేం పెట్టారమ్మా?" అని అడిగాడు. అడిగిందే తడవు, "రమ!" అనేసింది. కోడల్ని అడగనే లేదన్న సంగతి ఆ సంబరంలో గుర్తే రాలేదు. గుర్తొచ్చినా మేస్త్రికి చెప్పేది కాదేమో.

వంటింట్లోకి వెళ్ళేసరికి కొడుకు వెనకే వచ్చి గుసగుసగా అన్నాడు. "అమ్మా, మేస్త్రి ఫోన్ చేశాడు. షెడ్డువాళ్ళంతా కలిసి పాపకు ఉక్కు ఉయ్యాల చేశారట. తలవైపు రేకులో పేరు కూడా కోసేశారట. రమ అని. సాయంత్రం పంపిస్తారు. నువ్వు చెప్పావా?"

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఉయ్యాల ఇంటికి వస్తే చాలు, ఇక వాదన ఉండదు. కోడలు అది చూసి, పైకి ఒక్క మాట అనకుండా, "బావుందత్తయ్యా," అంటుంది. ఆ పిల్ల తత్వం అది. దేవుడే దారి చూపించాడా అనిపించింది ఒక్క క్షణం. మరుక్షణమే సిగ్గేసింది. తన పని జరిగినప్పుడల్లా దేవుడి మీద పెట్టేయడం ఎంత సుళువో! ఆయనకు ఈ ఉయ్యాలతో ఏం సంబంధం?

"పాలు దించు," అని కొడుకుతో చెప్పి చెప్పులు వేసుకుంది.

షెడ్డు రెండు వీధుల అవతల. బయట సందులోకే మోత వినిపిస్తుంది. లోపల నాలుగు లేత్‌లు, రెండు డ్రిల్లింగు మిషన్లు, మూల ఒక గ్రైండరు. ఇనుము తగిలినప్పుడల్లా దాన్నుంచి నిప్పుపువ్వులు రాలుతున్నాయి. కోడలి లేత్ ఒక్కటే ఆగి ఉంది. దానిమీద ఎవరో శుభ్రంగా గోనెపట్టా కప్పారు.

ఆవిడను చూడగానే మేస్త్రి ఎదురొచ్చాడు. "రండమ్మా, రండి! చూద్దురుగాని!" అని చెయ్యి ఊపుతూ చివరి దాకా తీసుకెళ్ళాడు. ఉయ్యాల నిజంగా బావుంది. మూలలన్నీ అరగదీసి నునుపు చేశారు, ఎక్కడ తడిమినా వేలికి గుచ్చుకోదు. తలవైపు రేకులో రమ అని అందంగా కోసి ఉంది.

"మేస్త్రిగారూ, తప్పు చేశాను," అని అరిచింది ఆవిడ, మోతలో వినపడాలిగా. "ఆ పేరు ఇంకా ఖాయం కాలేదు! వాళ్ళమ్మ వేరే పేరు అనుకుంది!"

"ఏం పేరు?"

చెప్పింది. మేస్త్రి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మళ్ళీ చెప్పింది. మూడోసారికి ఆయనకు పేరు అందింది, నవ్వు ఆగలేదు. "అమ్మా, మా దగ్గర ఒక పరీక్ష ఉంది. కొత్తగా ఎవరు చేరినా, వాడి పేరు ఈ చివర నుంచి అరుస్తాం. ఆ చివర డ్రిల్లింగు దగ్గర నిలబడ్డవాడు తల తిప్పాలి. తిప్పకపోతే ఆ పేరు ఇక్కడ చెల్లదు, వేరేది పెట్టేస్తాం. చెయ్యి మిషన్‌లో పడబోతుంటే అరవాలి కదమ్మా! అప్పుడు మంజరీ గింజరీ అంటూ కూర్చుంటే వేళ్ళు పోతాయి. మీ కోడలి పేరు మొదటి రోజే ఓడిపోయింది. ఆ రోజే మిషన్ కింద బోల్టు పడితే చప్పుడు విని ఎక్కడుందో చెప్పింది. అంతే, బోల్టు అయిపోయింది."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆవిడ ఒప్పుకుంది కూడా, మనసులో.

అంతలో షెడ్డంతా వేడుకైపోయింది. "పరీక్ష పెడదాం మేస్త్రీ!" అని వెల్డరు ముఖానికున్న అద్దం పైకెత్తాడు. ఒకడు డ్రిల్లింగు దగ్గరికి పరిగెత్తి వీపు తిప్పి నిలబడ్డాడు. మేస్త్రి ఊపిరి బిగబట్టి అరిచాడు. 'లా' అన్నది ఒక్కటే వెళ్ళింది. వెల్డరు అరిచాడు. 'జరి' మిగిలింది. "ఇంకోటి, ఇంకోటి!" అంటూ ఒకరి తర్వాత ఒకరు అరిచి, మధ్యలో నాలుక మడతపడి, ఒకరి భుజాలు ఒకరు చరుచుకుంటున్నారు. డ్రిల్లింగు దగ్గరవాడు అటే చూస్తూ, "మొదలుపెట్టారా?" అని అడిగాడు.

తానూ నవ్వుతూనే ఉన్న ఆవిడకు ఉన్నట్టుండి కోపం వచ్చింది. వాళ్ళ మీద కాదు, ఎవరి మీదో తెలీదు.

"మేస్త్రిగారూ, మిషన్లు ఒక్క నిమిషం కట్టెయ్యండి."

"ఆర్డరు పనమ్మా..."

"ఒక్క నిమిషం."

ఆవిడ ముఖం చూసి మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకుని వెళ్ళి మెయిన్ స్విచ్ దించాడు. మిషన్లు ఒక్కసారిగా ఆగవు. తిరిగి తిరిగి, మూలిగి మూలిగి, ఒక్కొక్కటే సద్దుమణిగాయి. చివరికి పైన రేకుల మీద పావురం నడిచే చప్పుడు కూడా వినపడింది.

అప్పుడు ఆవిడ ఆ పేరు పలికింది. మొదటిసారి మధ్యలో తప్పిపోయింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, తొందర లేకుండా చెప్పింది.

"లలితలావణ్యమంజరి."

డ్రిల్లింగు దగ్గరవాడు తల తిప్పాడు. మిగతావాళ్ళు అప్పటికే ఆవిడనే చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు.

"అరే," అన్నాడు వెల్డరు.

"మరీ పొడుగమ్మా," అన్నాడు మేస్త్రి, గొంతు తగ్గించి.

"పొద్దున్నే దేవుడికి వెయ్యి పేర్లు చదివి వస్తానండీ. మనవరాలికి ఒక్కటి చెప్పలేనా?" అంది ఆవిడ. ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో తనకే తెలీలేదు. "మిషన్ తిరుగుతున్నప్పుడు మీరు బోల్టన్నా, నట్టన్నా సరే. వేళ్ళు ముఖ్యం. మిషన్ ఆగాక? ఎనిమిదేళ్ళలో ఒక్క సాయంత్రమైనా మా కోడలిని పేరు పెట్టి పిలిచారా?"

మేస్త్రి తల గోక్కున్నాడు. పాపం, ఆయన్ని అని ఏం లాభం? ఇంట్లో ఏ మిషనూ తిరగదు. అయినా తను కూడా కోడల్ని ఆమె పెళ్ళయిన నాటి నుంచి "అమ్మాయ్" అనే పిలుస్తోంది.

"ఇప్పుడు ఈ రేకు ఏం చేద్దామమ్మా?" అన్నాడు మేస్త్రి.

"మీరే చెప్పాలి. చెడగొట్టింది నేను."

"మీరేం చెడగొట్టారు, మేమే ఆత్రపడ్డాం." ఆయన ఉయ్యాల చుట్టూ ఒకసారి తిరిగి, జేబులోంచి టేపు తీసి కొలిచాడు. "తలవైపు పట్టదు. రేకు మార్చేసి, పక్కన పొడుగూతా కోద్దాం. ఒరేయ్, గ్యాసు సిలిండరు ఇలా పట్టుకురండి!"

వద్దు, ఆగండి, ఇంకా ఖాయం కాలేదు అని ఆవిడ చెప్పబోయింది. కానీ అప్పటికే స్విచ్ పైకి లేచింది. మోతలో ఆవిడ మాట ఎవరికీ అందలేదు.

సాయంత్రం ఉయ్యాల వచ్చింది. కోడలు దాన్ని చూడకముందే ఆవిడ గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పేసింది, మిఠాయి పెట్టె దగ్గర్నుంచీ.

కోడలు తల ఎత్తి చూసింది. "నన్నడక్కుండా చెప్పేశారా?"

"చెప్పేశాను."

"ఎందుకత్తయ్యా?"

"సంతోషం పట్టలేక. అదొక్కటే అయితే బాగుండేది. అడిగితే కాదంటావేమోనని కూడా."

కోడలు లేచి వెళ్ళి ఉయ్యాల పక్కన కోసిన అక్షరాల మీద బొటనవేలు నడిపించింది. వేలు చివరి దాకా నెమ్మదిగా వెళ్ళింది. పని చేసినవాళ్ళ చెయ్యి ఎవరిదో పోల్చుకున్నట్టు, ఒకచోట ఆగి నవ్వింది. "ఈ వంపు వెల్డరుది," అంది. తర్వాత వెనక్కి తిరిగింది. "ఉయ్యాల మీద ఉందని మాత్రం చెప్పకండి. రేకు మళ్ళీ మార్చొచ్చు. మీకు పిలవాలనిపిస్తేనే చెప్పండి."

మర్నాడు ఆఫీసులో లైను గుమ్మం దాటి మెట్ల దాకా ఉంది. కొడుకు కాగితాలన్నీ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. లైనులో ఉన్నంతసేపూ ఆవిడ లోపల్లోపల రెండు పేర్లనూ మార్చి మార్చి అనుకుంది. ఒకటి అలవాటైన చెప్పులా కాలికి పట్టేస్తోంది. రెండోది అనుకున్నప్పుడల్లా, ఎందుకో, పాప ముఖం కనపడుతోంది. నుదురు, కళ్ళు, ముక్కు, పెదవి, ఒక్కొక్కటే. అంత పేరు పూర్తయ్యేలోపు అంతా చూడొచ్చు.

"పాప పేరు?" అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా. "త్వరగా చెప్పండమ్మా, వెనక జనం ఉన్నారు."

అలవాటు కొద్దీ రెండక్షరాలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆవిడ వాటిని మింగేసింది.

"కలం కింద పెట్టు బాబూ. ముందు విను."

గుమాస్తా విసుగ్గా కలం కింద పెట్టి తల ఎత్తాడు. కొడుకు కాగితాలు ముందుకు జరిపాడు. ఆవిడ కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఒక్క అక్షరం కూడా తొక్కకుండా చెప్పింది.

గుమాస్తా కళ్ళు చిట్లించాడు. "మళ్ళీ చెప్పండి."

"చెప్తాను," అంది ఆవిడ. "మాకేం తొందర లేదు."

లైను చివర మెట్ల మీద నుంచి ఎవరో పెద్దాయన అరిచాడు. "మాక్కూడా వినపడేట్టు చెప్పండమ్మా!"