గోతికి కట్టిన వాసెన

మా ఆయన వెంకటప్పయ్యగారికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలల్లో నీళ్ళు కలిపారని అందరూ అనుమానిస్తారు, ఈయన నీళ్ళల్లో కూడా ఏదో కలిపారంటారు. అలాంటి మనిషి తోటలో గ్రామసేవకుడు జాన్‌బాబు గొయ్యి తవ్వించాడంటే ఇక నా తంటాలు చెప్పాలా!

డెబ్బై ఆరు వానాకాలం. కంకిపాడు దగ్గర మా జామతోటలో ఏ కాయ కోసినా లోపల పురుగే. పండుఈగలు కాయల్లో గుడ్లు పెట్టి పోతున్నాయి. ఈ కాపు కూడా పాడైతే చెట్లు కొట్టించి చెరకు వేస్తానన్నారు ఈయన. బిందెలతో నీళ్ళు మోసి పెంచుకున్న చెట్లు! నా ప్రాణం విలవిల్లాడింది.

"రాలిన కాయలన్నీ ఈ గోతిలో వేసి పైన వల కప్పండమ్మగారూ," అన్నాడు జాన్‌బాబు. "ఈగలు ఈ చిల్లుల్లోంచి రాలేవు. వాటి పురుగుల్ని తిని పెరిగే కందిరీగలుంటాయి, చీమంతవి. అవి మాత్రం బయటపడి, చెట్ల మీద కాయల్లో ఉన్న పురుగుల పని పడతాయి. ఎక్కణ్ణించో తెచ్చినవి కావు, మీ తోటలోవేనండీ."

అతను దడి దాటాడో లేదో, "పురుగుల్ని చంపవయ్యా అంటే పెంచమంటాడేంటే?" అన్నారు ఈయన. "పక్కతోట బసవపున్నయ్యే పంపించుంటాడు."

"ఆఁ, ఆయనకింకేం పన్లేదు మరి!" అన్నాను.

కాయలేరి గోతిలో వేసి నేనే వల కప్పాను. ఈయన రోజూ గోతి పక్కన ముక్కాలిపీట వేసుకుని కాపలా. ఒకనాడు కేక పెట్టారు. "ఇదుగో, వచ్చేస్తున్నాయే బయటికి!"

పరిగెత్తి చూశాను. సన్నటి కందిరీగలు వలలోంచి ఒక్కొక్కటే లేస్తున్నాయి. పసుపుచారల ఈగలు కింద కొట్టుకుంటున్నాయి. నాకెంత సంతోషమేసిందో! "అవి రావాల్సినవేనండీ," అని ఎంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కలేదు.

కూచిపూడిలో మా చెల్లెలి పురిటికి వెళ్ళి వచ్చేసరికి వల దడి మీద పడుంది. గోతికి, ఆవకాయ జాడీకి కట్టినట్టు, వాసెన! పాత పంచె రెండు మడతలు వేసి బిగలాగి, చుట్టూ మట్టి మెత్తేశారు.

"ఇప్పుడు రమ్మను, చూద్దాం," అన్నారు మీసం దువ్వుకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. వెనకాముందూ చూడకుండా పంచె పట్టి లాగేశాను. గుడ్డ అడుగున కందిరీగలు నల్లనువ్వుల్లా చచ్చి అంటుకుని ఉన్నాయి. ఈగలు మాత్రం చావలేదు. రొద పెడుతూ నా మొహం మీంచే లేచి, గుంపుగా వెళ్ళి దోరకాయల మీద వాలాయి.

"చూశావా? నేను చెప్పలా?" అన్నారు ఈయన. అంత సంతోషంగా ఆయన్ని మా పెళ్ళినాడు కూడా చూడలేదు నేను. చెట్లు కొట్టేవాళ్ళని పిలవడానికి అప్పుడే చెప్పులు వేసుకుంటున్నారు. ఏ మొహం పెట్టుకుని అడ్డం పడను? వాసెన లాగింది నేనే.