లచ్చన్న పెట్టిన మన్ను

మా అబ్బ యుద్ధంలో కనపడకుండా పోయాడు. చనిపోయాడని మా ఇంట్లో ఎవరూ అనకూడదు. అన్నవాళ్ల చేతికి మా అమ్మీ గాజులు తొడగదు, ఎంత బతిమాలినా సరే.

మోత్కూర్ చుట్టుపక్కల పల్లెల్లో అమ్మీ గాజులమ్మేది. పేరు బషీరున్నీసా అయినా అందరికీ గాజుల బషీరమ్మే. భుజాన గాజుల మలారం, తన చేతులకు మోచేతుల దాకా గాజులు. మనిషి కనపడక ముందే చప్పుడు వినపడేది. సర్కారు మా అబ్బను పోయినవాళ్లలో కలిపేసి పింఛను ఇచ్చింది. అమ్మీ వేలిముద్ర వేసి బయటికొచ్చి, "సర్కారు చెప్తే మనుషులు సచ్చిపోతరా?" అని ఆఫీసు గోడకే ఆ వేలు తుడిచేది. ఆ గోడ మీద మా ఇంటి కోపం చాలానే ఉండాలి.

డెబ్బై ఒకటి యుద్ధం అది. మా ఊరి నుంచి ఇద్దరు పోయారు. ఒకరు మా అబ్బ లియాఖత్ అలీ, ఇంకొకరు కురుమల లచ్చయ్య. ఇద్దరూ కలిసి బడి ఎగ్గొట్టి, కలిసి లారీల మీద క్లీనర్లుగా తిరిగి, కలిసి ఆలేరులో రైలెక్కి సైన్యంలో చేరారు. తుపాకీ పట్టుకుని ముందుకురికిన వీరులేం కాదు. సిపాయిలకు రొట్టెలూ నీళ్లూ మోసే లారీ డ్రైవర్లు. అట్లాంటివాళ్లకు విగ్రహాలు పెట్టరు, పాటలు కట్టరు. కానీ బాంబుకు డ్రైవరెవరో సిపాయెవరో తెలియదు కదా.

లచ్చయ్య ఒక్కడే ఒంటి కాలితో తిరిగొచ్చాడు. అప్పటికి నేను పుట్టి అమ్మీ ఒళ్లో ఉన్నాను. నన్నెత్తుకునే ఆలేరు స్టేషనుకు పోయి, రైలు దిగిన మనిషిని మంచినీళ్లయినా తాగనీయకుండా అడిగిందట.

"ఆయనేడి లచ్చన్నా?"

"మా బండ్లు ఏరేరైనయి చెల్లె. నేను సూడలే."

ఆ ఒక్క మాట పట్టుకుని అమ్మీ ఇరవై ఏళ్లు బతికింది. చూడలేదంటే పోలేదనే కదా అని ఆమె వాదన. ప్రతి రంజాన్‌కు షీర్‌ఖుర్మా వండి, మా అబ్బ గిన్నె నింపి మూత పెట్టేది. సాయంత్రం దాకా ఎవరూ ముట్టకూడదు. సాయంత్రం ఆ గిన్నె నేను తాగేదాన్ని. చల్లారి, మీగడ కట్టిన ఆ షీర్‌ఖుర్మా రుచి తప్ప మా అబ్బ గురించి నాకేమీ తెలియదు.

ఊళ్లో బస్సులాగే చోట లచ్చయ్య మామకు బీడీల డబ్బా ఉండేది. మా ఇంటికి ఏ కష్టమొచ్చినా కర్ర టకటకమనిపిస్తూ ముందు ఆయనే వచ్చేవాడు. నాకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయింది ఆయనే. ఒకసారి పానగల్ గుడి మెట్ల మీద ఎవరో మతిలేని మనిషి వచ్చేపోయేవాళ్లకు సెల్యూట్ కొడుతున్నాడని తెలిసి అమ్మీ లేడికి లేచిందే పరుగన్నట్టు బయల్దేరింది. ఒంటి కాలితో మామ కూడా వెంట వచ్చాడు. నేనూ పోయాను. ఆ మనిషి మా అబ్బ కాదు. అమ్మీ చాలాసేపు అతని ముఖం చూసి, మూట విప్పి మా అబ్బకని తెచ్చిన రొట్టెలు అతనికే పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మామ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కాలు నొప్పేమో అనుకున్నాను.

తొంభై ఒకటి ఎండాకాలంలో మామ మంచం పట్టాడు. నల్లగొండ దవాఖానలో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఓ మధ్యాహ్నం ఆయన భార్య సైదమ్మ అత్త వచ్చి, "వదినే, ఒక్కపారి రా. నిన్నే అడుగుతాండు" అంది. అమ్మీ మలారం దించి అట్లాగే పోయింది. వెనుక నేను.

మామ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒంట్లో ఏమీ మిగలలేదు.

"చెల్లె, అబద్ధం చెప్పిన నీకు. ఒక్క బండిల్నే ఉన్నం. బావ నా చేతులల్లనే పోయిండు."

నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

"నీళ్ల బండి తోల్కపోతున్నం. చీకటి. బాంబు పడ్డది. బావకు కడుపుల తాకింది. ఎక్కువసేపు తక్లీఫ్ పడలే, అల్లా మీద ఒట్టు. నేనే తవ్విన, బండిల పార ఉంటే. నేనే మన్ను పెట్టిన."

అక్కడ ఆగి దగ్గాడు. సైదమ్మ అత్త నీళ్లిస్తే తాగలేదు.

"గంతే అయితే అప్పుడే చెప్పేటోన్ని చెల్లె. తెల్లారి పొద్దు పొడిసినంక సూసుకున్న. తల దక్షిణానికి పెట్టిన. మా నాయినకు పెట్టినట్టు, మా తాతకు పెట్టినట్టు పెట్టేసిన. బావ తురకాయనని నాకు యాదికే రాలే. మా ఇంటి మనిషి లెక్కనే పెట్టిన."

మా వాళ్లకు తల ఉత్తరానికి పెట్టి, ముఖం పడమటికి, కాబా వైపు తిప్పుతారు. మా ఊళ్లో ఈ సంగతి కురుమలకూ తెలుసు, మాకు వాళ్ల సంగతీ తెలుసు. ఒకరి చావుకు ఒకరు పోయేవాళ్లమే కదా.

"మళ్ల తవ్విన చెల్లె. తిప్పి పండవెడదామని. సగం తవ్విన్నో లేదో, ఇంకోటి పడ్డది. కాలు గప్పుడే పోయింది. కండ్లు తెరిసేవరకు దవాఖానల ఉన్న. ఆఫీసరు అడిగిండు, నీ తోటోడు ఏడని. తెల్వదన్న. చెప్తే బావ పోయిండని నీకు తారొస్తది. తారొస్తే నువ్వు నన్నే అడుగుతవు, ఎట్ల పెట్టినవు అన్నా అని. ఏం చెప్పాలె? రాజీ అయినంక ఆ జాగా గూడ మళ్ల అవతలి దేశమోళ్లకే పోయె. పోయి తిప్పుదామంటె తొవ్వ లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. చావబోయే మనిషని కూడా చూడలేదు.

"ఇరవై ఏండ్లు తిప్పినవు గద మామా మా అమ్మీని! పానగల్ దాక వచ్చినవు! అన్నీ తెలిసి వచ్చినవు!"

"వచ్చిన బిడ్డా. ఒక్కదాన్ని ఎట్ల తోలియ్యాలె?"

అమ్మీ నా మాటలే విననట్టు మంచం పట్టె మీద చెయ్యి వేసి అడిగింది.

"మొఖం మీద మన్ను పడకుంట ఏమన్న కప్పినవా అన్నా?"

"నా కోటు కప్పిన. ఉన్ని కోటు."

"అయితే సలి పెట్టలే ఆయనకు" అని లేచింది. ఆ మనిషి ఏదో ఒక మాట కోసం ఆమె ముఖంలోకే చూస్తున్నాడు, తిట్టినా సరిపోయేది. అమ్మీ తిట్టలేదు, పర్వాలేదనీ అనలేదు.

ఇంటికొచ్చి సబ్బు రాసుకుని గాజులన్నీ ఒక్కొక్కటే తీసింది. ఇన్నేళ్లుగా ఎండ తగలని ఆ ముంజేతులు పసిపిల్ల చేతుల్లా ఉన్నాయి. వాటిని చూడలేక వాకిట్లోకి పోయి కూర్చున్నాను.

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా కూర్చోవడం మాలో ఉంది. ఇద్దత్ అంటారు. ఎట్లా కూర్చోవాలో అడగడానికి మసీదు పెద్ద చోటే మియాను పిలిపించింది. ఆయనకు ధర్మం చెప్పడమంటే బిర్యానీ తిన్నంత సంబరం. అంతా విని, గడ్డం నిమిరి చెప్పాడు.

"ఇద్దత్ మనిషి పోయిన దినం నుంచే లెక్క, బెహెన్. నీకు తెల్సిన దినం నుంచి కాదు. అప్పుడు నువ్వు కడుపుతోని ఉంటివి. కడుపుతోని ఉన్నోళ్లకు కాన్పు అయితే ఇద్దత్ తీరినట్టే. ఈ పిల్ల పుట్టిన్నాడే నీది తీరిపాయె. ఇప్పుడు కూసునే పని లేదు, ఫికర్ చెయ్యకు."

ఆ మాట విని అమ్మీ నా వైపు చూసింది.

"ఆ దినం నేను ఊరంత మిఠాయి పంచిన, భాయ్. ఆయన వస్తే బిడ్డను సూసి మురుస్తడని పంచిన."

చోటే మియా తల వంచుకున్నాడు.

"తీరితే తీరనియ్యుండ్రి. నేను ఏడ్వలే. నాకు ఏడ్వనీకి జర జాగా ఇయ్యుండ్రి" అంది.

అట్లా వెనుకింట్లో తెల్ల చీర కట్టుకుని కూర్చుంది. మలారం నేను మోశాను. తీరా కూర్చున్నాక ఆమెకు ఏడుపు రాలేదు. పొద్దుటి నుంచి గోడ చూస్తూ కూర్చునేది. రాత్రి అన్నం పెడితే, "ఎట్ల ఏడ్వాలె అమీనా? శవం సూడలే, సమాధి సూడలే. యాడికి మొఖం పెట్టి ఏడ్వాలె?" అని నన్నడిగేది. నేను మామ మీద కోపాన్ని నూరుకుంటూ ఉన్నాను. వాళ్లింటి వైపు పోవడం మానేశాను. సైదమ్మ అత్త రెండుసార్లు వచ్చి వాకిట్లోనే నిలబడి, "అన్నం ముడ్తలేడు, వదినె ఏమన్న అన్నదా అని అడుగుతాండు" అని పోయింది. అమ్మీ లోపల వింటూనే ఉంది. ఏమీ చెప్పి పంపలేదు.

మొదటి వానలు పడ్డ వారంలో ఓ పొద్దున కురుమల వాడలో డప్పు మోగింది. ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు.

"నేను పోను" అన్నాను ఎవరూ అడగకుండానే.

అమ్మీ లేచి చెప్పులేసుకుంది. మావాళ్లలో ఆడవాళ్లు శవాన్ని పూడ్చే బొందలగడ్డకు పోరు, ఇద్దత్‌లో ఉన్న మనిషి అసలు గడపే దాటకూడదు. వీధిలో చోటే మియా ఎదురుపడి చేతులడ్డం పెట్టాడు.

"బెహెన్, ఇద్దత్ల కూసుంటివి. మధ్యల లేస్తరా?"

"తీరిపోయిందని మీరే చెప్తిరి గద భాయ్" అని అమ్మీ ఆగకుండా నడిచింది. ఆమె పోతుంటే నేను ఇంట్లో ఎట్లా కూర్చుంటాను? వెంట పోయాను.

మేము పోయేసరికి మామను గుంతలోకి దించారు. అమ్మీని చూసి మగవాళ్లు పక్కకు జరిగారు. వానకు తడిసిన ఎర్రమట్టి. కింద మామ చాలా చిన్నగా కనపడ్డాడు, కాలు లేనివైపు గుడ్డ లోపలికి మడిచి ఉంది.

"తల ఎటు పెట్టిన్రు?" అని అడిగింది అమ్మీ.

"దక్షిణానికే బషీరమ్మా, ఎప్పటి తీరుగనే" అన్నాడు మామ తమ్ముడు కురుమయ్య.

అమ్మీ ముందుకు వంగి ఆ తల వైపే చూస్తూ ఉండిపోయింది. తన మనిషిని ఎట్లా పెట్టారో ఇన్నేళ్లకు కళ్లారా చూసింది. అప్పుడొచ్చింది ఏడుపు. కడుపులో నుంచి కేక వేసినట్టు వచ్చింది. నేను పుట్టాక ఎన్నడూ వినని గొంతు అది. ఏడుస్తూనే మోకాళ్ల మీద కూర్చుని, గాజుల్లేని చేతులతో మన్ను తీసి మెల్లగా వేసింది. నా కోపం ఏమైందో నాకు తెలియదు, నేనూ కూర్చుని వేశాను.

"పో అన్నా" అంది గుంతలోకి. "మా ఇంటాయన దగ్గరికి పో. ఇప్పుడు రెండు కాళ్లుంటయి నీకు. సగంల ఇడిసిన పనికి ఇన్నేండ్లు కుమిలితివి. పోయి జర తిప్పి పండవెట్టు."

కురుమయ్య పార అందుకున్నాడు.