గెలిచిన ఆటలు

పొద్దున్నే చిన్న మెకానిక్ భార్య లేచి, కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని, టీకి నీళ్లు పెట్టి, తడిగుడ్డతో భోజనాల బల్ల తుడుస్తుంది. బల్లకి ఆ చివర చదరంగం పలక ఉంటుంది. దాని చుట్టూ తుడుస్తుంది గానీ దాన్ని కదపదు. డబ్బాలో పోసి మూత పెట్టిన పావులు తెల్లవారేసరికి పలక మీదికెక్కి, ఏదో ఒక ఆట సగంలో నిలబడి ఉంటాయి.

"ఏవండీ, ఇవాళ గుర్రాలు నాలుగూ బతికే ఉన్నాయి," అంటుంది వంటింట్లోకి వెళ్తూ.

"మంత్రులు?" అంటాడతను, నోట్లో పళ్లపొడి పెట్టుకుని.

"ఒకటే కనబడింది. రెండోది మీరు పోగొట్టుకునే ఉంటారు."

అతనికి నలభై ఆరేళ్లు. తల సగం నెరిసింది. అయినా లిఫ్టుల కంపెనీలో అందరికీ చిన్న మెకానికే. పెద్ద మెకానిక్ అంటే అతని బావ, సొంత అక్క మొగుడు. ఒకే ఇంట్లో రెండు వాటాలు. ముందు వాటాలో తమ్ముడు, వెనక వాటాలో అక్కాబావలు, వాళ్ల కూతురు. పంతొమ్మిదేళ్లు ఆ ఇద్దరు మగాళ్లూ ఒకే బండి మీద పనికి వెళ్లారు, ఒకే క్యారియర్ విప్పుకుని తిన్నారు, ఆదివారం మధ్యాహ్నం ఈ పలకకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. పలక కూడా బావ చేసిందే. ఓ పాత లిఫ్టుని విప్పేసినప్పుడు, దాని లోపలి చెక్క ఇంటికి తెచ్చి, కోసి, రంగు వేశాడు. ఎన్నేళ్లు ఎంతమందిని మోసిన చెక్కో అది. దానికి మర్చిపోవడం తెలియదని అక్క అప్పుడే అంది.

ఆట నేర్పినవాడు బావే. నేర్పిన మొదటి రోజే ఒక నోటుపుస్తకం చేతికిచ్చాడు.

"ఓడిన ఆట రాసుకోరా బామ్మర్దీ. గెలిచిన ఆట మర్చిపో. గుర్తుంచుకుంటే నెత్తికెక్కుతుంది."

"గెలిస్తే కదా బావా మర్చిపోవడానికి!"

నిజమే. పదిహేడేళ్ల పైచిలుకు అతను గెలిచింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నోటుపుస్తకాలు పదకొండయ్యాయి. చివరి ఏడాదిన్నరలో మాత్రం ఏమైందో, వరసగా గెలవడం మొదలుపెట్టాడు. పొంగిపోయాడు. పనిలో టీ తాగేచోట నలుగురిలో బావని ఆటపట్టించాడు. "పెద్దాయన పని అయిపోయింది, ఇక నన్నే పెద్ద మెకానిక్ అనండి" అన్నాడు. బావ నవ్వి, "వీడి చెయ్యి తిరిగిందిరా" అన్నాడే తప్ప మరో మాట అనలేదు. ఆ ఆటల్లో ఒక్కటీ నోటుపుస్తకంలోకి ఎక్కలేదు. గెలిచినవి కదా.

బావ పోయింది ఓ తొమ్మిదంతస్తుల భవనంలో.

లిఫ్టు పని ఇద్దరి పని. ఒకరు పైన మోటారు గదిలో ఉంటారు. ఇంకొకరు లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి, గోడల వెంట ఉన్న పట్టాలకి గ్రీజు పెడతారు. పైనున్నవాడికి కిందివాడు కనబడడు. అందుకని ఆ బావాబామ్మర్దులకి ఒక పద్ధతుండేది. బావ స్పానర్‌తో పట్టా మీద కొడతాడు. ఒక దెబ్బయితే ఆపు. రెండయితే పైకి. మూడయితే కిందికి. పెట్టె పైకి పోతుంటే, తాడుకి ఆ కొసన వేలాడే ఇనప దిమ్మ కిందికొస్తుంది. నడిమి అంతస్తు దగ్గర రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. వాటి మధ్య జానెడు ఖాళీ కూడా ఉండదు, పెట్టె అంచు దాటి వంగితే అంతే. ఆ రోజు పైన రెండు దెబ్బలు వినబడ్డాయి. అతను పెట్టెని పైకి కదిపాడు. దిమ్మ ఎడమ పక్కనుంచి వచ్చింది.

ఆ దెబ్బలు విన్నవాడు అతనొక్కడే. కంపెనీ వాళ్లు విచారించి ఏదో రాసుకున్నారు. అక్క మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది.

"ఎక్కడ తప్పిందిరా?"

"తెలీదక్కా."

ఆ తర్వాత ఆమె తమ్ముడితో మాట్లాడలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే అతని ఎదురుగానే మరదలితో చెప్పేది. "మీ ఆయనకి చెప్పమ్మా, పెరటి కుళాయి కారుతోందని." అతను రెంచి తీసుకుని వెళ్లి బిగించి వచ్చేవాడు. ఆ ప్రశ్న మాత్రం గుండెలో మేకులా దిగబడి ఉండిపోయింది. ఎక్కడ తప్పింది? రెండు విన్నానా, విన్నాననుకున్నానా? చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆయన లేడు.

బావ పోయిన పదహారో రోజు నుంచి పావులు పలక మీదికెక్కడం మొదలైంది.

మొదట వచ్చినవన్నీ ఓడిన ఆటలే. నోటుపుస్తకాలు తిరగేస్తే దొరికేవి. ప్రతి ఆటా అతను తప్పు ఎత్తు వేయబోయే చోట ఆగి ఉండేది. టీ తాగుతూ చూసేవాడు, పనికి పోయి దాన్నే ఆలోచించేవాడు. సాయంత్రం వచ్చి సరైన ఎత్తు వేసేవాడు. అది నిజంగా సరైనదైతే మర్నాడు వేరే ఆట ఉండేది. కాకపోతే అదే ఆట మళ్లీ వచ్చి నిలబడేది, మొండి పిల్లాడిలా.

నాలుగు నెలల్లో అతనికి తన సంగతి పంతొమ్మిదేళ్లలో తెలియనంతగా తెలిసింది. మంచి పావు చేతిలో ఉంటే ఆగలేడు. ఎదుటివాడు కదపగానే చెయ్యి లేస్తుంది, తల తర్వాత లేస్తుంది. ఆట తర్వాత ఆట, తప్పు ఒకటే. తొందర.

ఓ ఆదివారం వెనక వాటాకి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క చీర మడతపెడుతోంది.

"అక్కా, తప్పు నాదే. నా చెయ్యి తొందర చెయ్యి. పలక చెప్పింది."

ఆమె చీర కొసలు కలుపుతూ అంది, గోడతో అన్నట్టు. "అంటే దెబ్బలు వినకుండానే కదిపావన్నమాట."

"రెండు విన్నాననే అనుకుంటున్నాను. కానీ నన్ను నేను నమ్మలేను."

"ఆ మాట ఆయన ఉండగా తెలిస్తే బాగుండేది," అని లోపలికి వెళ్లిపోయింది.

ఒప్పుకున్నాక మనసు తేలికవుతుందంటారు. అతనికి అన్నం కూడా సయించలేదు. అంతటితో పలక శాంతిస్తుందనుకున్నాడు. మర్నాడు పొద్దున పావులు మళ్లీ నిలబడ్డాయి. పదకొండు నోటుపుస్తకాల్లోనూ ఆ ఆట లేదు.

ఎనిమిది రోజులు అదే ఆట. అతను తన పావుల్ని ఎన్ని విధాల కదిపినా మర్నాటికి మళ్లీ అక్కడికే వచ్చేవి. తన తప్పేంటో దొరకలేదు. భార్య బల్ల తుడుస్తూ జాలిపడింది. "దానికైనా విసుగు రాదేంటండీ."

తొమ్మిదో రోజు మేనకోడలు వచ్చింది, చేతిలో ఉత్తరంతో. ఇరవై రెండేళ్ల పిల్ల. తండ్రి పని కంపెనీ ఆమెకిచ్చింది. మూడు నెలల శిక్షణ అయిపోయింది. వచ్చే ఒకటో తారీకు నుంచి లిఫ్టు పెట్టె మీదికెక్కాలి. వాళ్లమ్మకి ఇష్టం లేదు. ఈ పిల్ల వినలేదు. "నాన్న స్పానర్లు తుప్పుపట్టిపోతున్నాయమ్మా" అందట, అంతే.

"మోటారు గదిలో నువ్వుండాలి మామయ్యా. ఇంకెవరున్నా నేనెక్కను," అంది, తండ్రి కుర్చీలో కూర్చుంటూ.

అతను పలక వంక చూస్తూ కూర్చున్నాడు.

"అత్త చెప్పింది, ఇది కదలనంటోందట. నీ తప్పు దొరకట్లేదా?"

"లేదమ్మా."

"ఇది నువ్వు గెలిచిన ఆటలా ఉందే? నీకు పావులెక్కువున్నాయి. మరి తప్పు నీదే ఎందుకవ్వాలి?"

అతను ఆ పిల్ల మొహం వంక చూశాడు. లేచి, బల్ల చుట్టూ తిరిగి, ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ పక్కనుంచి పలకని చూడలేదు. బావ కూర్చునే చోటికి ఎడమ చివరి వరసలో తన తెల్ల ఏనుగు నిలబడి ఉంది. దానికి కాపలా లేదు. బావ నల్ల మంత్రి ఒక్క అడుగేస్తే చిక్కేది. అప్పుడే ఆట నేర్చుకునే పిల్లలు కూడా వదలరు దాన్ని. బావ వదిలేశాడు.

వంగి, మంత్రితో ఆ ఏనుగుని తీశాడు.

మర్నాడు వేరే ఆట నిలబడింది. అదీ తను గెలిచిందే. ఈసారి తిన్నగా వెళ్లి బావ కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చివర ఒక గుర్రం. బావ చూడలేదు. ఆ మర్నాడు ఎడమ నుంచి రెండో వరసలో బంటు. ఆ తర్వాత మళ్లీ ఏనుగు. ఏడు పొద్దులు, ఏడు ఆటలు. కుడి పక్క ఒక్కటంటే ఒక్క పొరపాటు లేదు. అక్కడ బావ ఎప్పటి బావే.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. గుమ్మం దాటేటప్పుడు బావ ఎడమ భుజం తలుపుకి తగిలేది. ఎడమ పక్క పెట్టిన టీ గ్లాసు దొర్లిపోయేది, ఆయన బల్లగుడ్డని తిట్టేవాడు. బండి తోలడం మానేసి, "నువ్వే తోలరా, నేను వెనక కూర్చుని దొరలా వస్తా" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరైనా ఎలా కనిపెడతారు? కానీ ఆదివారం ఆదివారం ఎదురుగా కూర్చున్నవాడు తను. ఎడమ పక్క చూపు తరిగిపోతోందని బావ చెప్పలేదు. బహుశా ఆయనకే తెలియదు. పలక మాత్రం చెబుతూనే ఉంది. తను గెలుపు అనుకున్నాడు.

రెండు దెబ్బలూ నిజమే. ఎడమ పక్క ఖాళీగా ఉందనుకుని బావే కొట్టాడు. ఆ ఎరుక అతనికి ఊరట ఇవ్వలేదు. తొందర చేతి మీద నేరం వేసుకుని బతకడమే నయమనిపించింది.

అక్కకి చెబుదామని లేచి, మళ్లీ కూర్చున్నాడు. పోయినవాడి మీద తప్పు తోసేశానంటుంది. అనదా?

ఆదివారం మేనకోడలు ఉత్సాహంగా వచ్చింది. రేపే ఒకటో తారీకు.

"పనికెక్కే ముందు ఒక్క ఆట మామయ్యా. నాన్న తరఫున కసి తీర్చుకోవాలి."

"రా, చూద్దాం నీ ప్రతాపం."

పిల్ల బాగా ఆడింది. తొందర లేదు, అంతా తండ్రి పోలిక. పన్నెండో ఎత్తులో అతను తన గుర్రాన్ని ఆమె ఎడమ చివరికి దూకించాడు. ఎర కాదు, ఊరికే పొరపాటు. ఆమె బంటు పక్కనే ఉంది, ఏటవాలుగా కొట్టేయొచ్చు. ఆమె పలకంతా చూసింది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసింది. మధ్యలో ఏదో కదిపింది.

"గుర్రాన్ని తియ్యవేమ్మా?" అన్నాడు.

"ఏ గుర్రం?" ఆమె తల పూర్తిగా ఎడమకి తిప్పింది. "ఓ, ఇక్కడుందా! ఇందాక లేదే. దొంగాట ఆడుతున్నావా మామయ్యా?" అని పకపకా నవ్వింది.

వంటింట్లోంచి భార్య కూడా నవ్వింది. అతను మాత్రం లేచి వెనక వాటాకి వెళ్లాడు. చెప్పులు కూడా తొడుక్కోలేదు.

"అక్కా, రేపు పిల్లని పనికి పంపొద్దు. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం."

"మీ ఆయనకి ఏమైందో అడగమ్మా," అంది అక్క, వెనకే పరుగెత్తుకొచ్చిన మరదలితో.

"నన్నే అడుగు. ఇవాళ నన్నే అడుగు." ఏనుగులు, గుర్రం, తలుపుకి తగిలిన భుజం, అన్నీ చెప్పాడు. దిమ్మ ఎటునుంచి వచ్చిందో చివర్లో చెప్పాడు. అక్క నమ్మిందో లేదో తెలియలేదు. కానీ మర్నాడు పొద్దున్నే కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

ఆసుపత్రిలో పిల్లని ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రంలోకి మొహం పెట్టమన్నారు. చుక్కలాంటి వెలుగు కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. పిల్ల ధీమాగా నొక్కింది. బయటికొచ్చిన కాగితం మీద ఎడమ వైపు నల్లటి మచ్చ, వాన నీరు దిగిన గోడలా.

"నీటికాసులు," అన్నాడు డాక్టరు. "ఈ వయసులో రావడం అరుదు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుంది. చూపు తరిగినచోట చీకటేమీ కనబడదు, మెదడే ఏదో ఒకటి నింపేస్తుంది. అందుకే ఎవరూ పట్టుకోలేరు. ఇది వంశంలో వస్తుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

అక్క కాగితం మీది మచ్చ వంకే చూస్తోంది.

"వాళ్ల నాన్నకి ఉండేదండీ," అన్నాడతను.

"ఎక్కడ పరీక్ష చేయించారు?"

"చేయించలేదు. చదరంగంలో బయటపడింది."

డాక్టరు తల ఊపి, ఆ మాటే కాగితం మీద రాసుకున్నాడు. "పోయిన చూపు రాదు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. చుక్కల మందు పొద్దునా సాయంత్రం, బతికినన్నాళ్లూ. ఎత్తయిన చోట పని మాత్రం వద్దు."

దారంతా పిల్ల ఏడ్చింది. కళ్ల కోసం కాదు, స్పానర్ల కోసం. కంపెనీ వాళ్లు సామాన్ల గదిలో కుర్చీ వేశారు. నెల రోజులు మామయ్యతో సరిగా మాట్లాడలేదు. "నువ్వు గుర్రాన్ని అక్కడ పెట్టకపోతే నా బతుకు నేను బతికేదాన్ని" అంది ఒకసారి. అత్త ఆమె టీ గ్లాసుని కుడి పక్కన పెట్టడం అలవాటు చేసుకుంది.

పలక ఆ నెలంతా ఖాళీగానే ఉంది. పావులు డబ్బాలోంచి కదల్లేదు.

నెల తిరిగాక ఒక పొద్దున, భార్య ఇంకా కళ్లు మూసుకుని దేవుడి ముందు కూర్చుని ఉండగానే, అతను కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఆగిపోయాడు. ఇంతకాలం పావులు ఎక్కడమే గానీ, వాటి చప్పుడు ఎవరూ ఎరగరు. ఇప్పుడు చెక్క మీద ఇనుము తగిలినట్టు, స్పష్టంగా రెండు దెబ్బలు. తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం.

వచ్చి చూశాడు. పలక మీద ఎక్కడి పావులు అక్కడ, ఇంకా మొదలుకాని ఆటలా వరసగా ఉన్నాయి.

వెనక వాటా తలుపు తెరుచుకుంది. అక్క జుట్టు ముడి వేసుకోకుండానే వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. మరదలి వైపు చూడలేదు.

"విన్నావురా?"

"విన్నానక్కా."

"రెండే కదూ."

"రెండే."

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, "పిల్ల కళ్లలో మందు వేసే వేళయింది. నువ్వొచ్చి నీ చేత్తో వెయ్యరా," అంది.