దిబ్బ ఎక్కిన బడి

కొత్త హెడ్‌మాస్టరమ్మ పిల్లల్ని సమాధుల దిబ్బ మీదికి తోలుకుపోతోందట. ఆదిశేషమ్మ పాలు పోయించుకుంటూ పక్కింటావిడతో అన్న మాట ఇది. ఆ మాట రొయ్యల గుంటల దాకా వచ్చేసరికి దానికి ప్రార్థన తోడైంది. మా వీధికి చేరేటప్పటికి పిల్లలందరికీ బాప్తిస్మం కూడా అయిపోయింది.

జరిగిందల్లా ఇంతే. మా రేకుల బడి సముద్రానికీ కాలవకీ నడుమ పల్లంలో ఉంది. తుఫాను షెల్టరు కాలవకు అవతల. ఇరుకు వంతెన మీద ఒక్క రొయ్యల లారీ అడ్డం నిలిస్తే మనిషి కూడా దూరలేడు. సముద్రం పొంగితే ఎక్కడానికి ఇవతల ఎత్తయిన చోటంటే క్రైస్తవుల సమాధులున్న ఇసుక దిబ్బ ఒక్కటే. అందుకని కరుణాకుమారి మేడమ్ సంఘపెద్ద జకరయ్యను అడిగి, ముందున్న వాళ్ళ భుజం పట్టుకుని వరసగా దిబ్బ ఎక్కడం పిల్లలకు అలవాటు చేస్తోంది. ఆమె ఆదివారం చర్చికి పోయే మనిషి కావడంతో ఊరికి అనుమానం.

ఆదిశేషమ్మ తన మనవరాలు వెన్నెలకు గట్టిగా చెప్పింది: "ఆ దిబ్బ తొక్కినావంటే ఇంట్లోకి రానీను. వాళ్ళు ఆడికి పోతే నువ్వు ఇంటికొచ్చేయ్."

ఆమె ఇల్లు సముద్రం వైపు, ఆఖరి వీధిలో.

ఆ రోజు మధ్యాహ్న భోజనాలవుతుండగా స్తంభం మీది సైరన్ మోగింది. టీచర్ల ఫోన్లన్నీ ఒక్కసారిగా గీపెట్టాయి. పిల్లలు ఆకాశం వైపు చూశారు. శ్రీహరికోటలో ఏది ఎగిరినా బయటికి పరిగెత్తి చూడడం వాళ్ళకు అలవాటు.

"రాకెట్టా మేడమ్?" అన్నాడు గిద్యోను.

"రాకెట్ కాదు, సునామీ. లైన్లో నిలబడండి. పళ్ళేలు ఆడనే వదిలేయండి."

"గుడ్డు చేతిలో ఉంది మేడమ్."

"గుడ్డు తెచ్చుకో నాయనా. పద!"

వరస దిబ్బ మొదట్లో తెగింది. వెన్నెల ఆగిపోయింది. వెనకవాళ్ళు ఒకరిమీద ఒకరు పడ్డారు. మేడమ్ వాళ్ళను పక్కనుంచి ఎక్కించి, వెన్నెల దగ్గర నిలబడింది. అంతలో ఆదిశేషమ్మ రొప్పుతూ వచ్చింది.

"పిల్లని పంపు మేడమ్మా. ఇంటికి తీసకపోవాల."

"మీ ఇల్లు నీళ్ళ పక్కన గదమ్మా ఉండేది! పంపను."

"నా మనవరాలు. ఆపేదానికి నువ్వెవురు?"

"ఈ పొద్దుకి నా పిల్ల. రేపు కలెక్టరుకి చెప్పుకోండి. మీరు గూడా పైకి రండి."

"చచ్చినోళ్ళ మీద నడవమంటావా? మళ్ళా తలకి పోసుకోవాల."

"పోసుకుందురు, సాయంత్రానికి మనం ఉంటే."

వెన్నెల ఇద్దరి మొహాలూ చూసింది. "అవ్వా, సముద్రం మనింటికొస్తే యాడనుంచి వస్తాది? ముందు వాకిట్లోంచా, దొడ్డి వాకిట్లోంచా?"

పిల్ల నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆదిశేషమ్మ సముద్రం వైపు చూసింది. తర్వాత కుచ్చిళ్ళు ఎత్తి దోపి, మనవరాలి రెక్క పట్టుకుని, సమాధులకు తగలకుండా వంకరటింకరగా ఎక్కింది.

పైన పిల్లలు రాళ్ళ మీది పేర్లు కూడబలుక్కుంటూ ఎవరు ఎవరి తాతో తేల్చుకుంటున్నారు. గిద్యోను తన ముత్తాత పక్కన కూర్చుని గుడ్డు ఒలుస్తున్నాడు. సంఘపెద్ద జకరయ్య ఓ పక్కన నిలబడి సముద్రాన్నే చూస్తున్నాడు. అది ఇంకా ఉన్నచోటే ఉంది.

కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా ఆదిశేషమ్మ ఆ దిబ్బ ఎక్కింది లేదు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. బడి, గుంటలు, చివరి వీధి అన్నీ కాళ్ళ కింద పరుచుకుని ఉన్నాయి.

"ఓయబ్బ, మన డాబా మీద ఎండేసిన మిరపకాయలు గూడా కనిపిస్తా ఉండాయే!" అంది. భయం కాసేపు మరిచిపోయింది. చుట్టూ తిరిగి మళ్ళీ చూసింది. ఊళ్ళో ఇంత ఎత్తు నేల మరెక్కడా లేదు.

"జకరయ్యా, ఇంత మంచి చోటు మీవోళ్ళకి ఎట్టా వచ్చింది? ఎవురిచ్చినారు?"

జకరయ్య సముద్రం మీంచి చూపు తిప్పలేదు.

"మీ మామే అమ్మా. గడ్డి గూడా మొలవని ఇసక, మీ శవాలకి చాల్లే పోండ్రా అన్నాడు."